ప్రశాంతచంద్ర మహలనోబిస్ చరిత్రము

లోకమున మహనీయులు పలు తెఱగుల నుందురు. కొందఱు రాజ్యముల నేలి కీర్తి గడించిరి. కొందఱు కావ్యములు రచించి జనుల హృదయములందు నిలిచిరి. మఱికొందఱు దూరదేశముల కేగి క్రొత్త దీవులను కనుగొనిరి. వీరి చరిత్రములను మన విద్యార్థులు తఱచు చదువుచునే యున్నారు. కాని సంఖ్యలను వరుసలుగా నేర్పఱచి, ఆ వరుసలు చెదరకుండ కాపాడి, తన్మూలమున దేశమునకు మేలొనర్చిన వారి చరిత్రము మనకు వినబడుట యరుదు. అట్టివారిలో నగ్రగణ్యుడు వంగదేశీయుడగు ప్రశాంతచంద్ర మహలనోబిస్.

ఈయన 1893 వ సంవత్సరము జూను 29 వ తేదీన కలకత్తా నగరమున బ్రహ్మసమాజ కుటుంబమున జన్మించెను. తండ్రి ప్రబోధచంద్రుడు, తల్లి నీరోదబాసిని. బాల్యవిద్య బ్రహ్మ బాలుర పాఠశాలలో జరిగెను. 1908 లో ప్రవేశపరీక్ష నిచ్చి ప్రెసిడెన్సీ కళాశాలలో జేరి, 1912 లో భౌతికశాస్త్రమున గౌరవ పట్టము నందెను. ఆ కళాశాలలో నాడు జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రాయి వంటి మహోపాధ్యాయులు బోధించుచుండిరి. అట్టి గురువుల నీడను పెరిగినవానికి ప్రయోగమునందును, కొలతయందును శ్రద్ధ కలుగుట వింత కాదు.

1913 లో ప్రశాంతచంద్రుడు ఇంగ్లాండునకు బోయెను. లండనులో చదువదలచి వెడలినవాడు కేంబ్రిడ్జిని చూడబోయి, తిరుగు రైలు తప్పిపోగా ఆ రాత్రి మిత్రుని యింట నిలిచెను. కింగ్సు కళాశాల దేవాలయ సౌందర్యము ఆయన మనస్సును హరించెను. మఱునాడే యక్కడ ప్రవేశమునకు బ్రయత్నించి కృతార్థుడయ్యెను. ఒక రైలు తప్పుటచే జీవితమార్గమే మాఱినది. అచ్చట 1914 లో గణితమునను, 1915 లో భౌతికశాస్త్రమునను పరీక్షలయందు ఉత్తీర్ణుడయ్యెను.

ఆ కాలముననే మన చెన్నరాజధానినుండి శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జికి వచ్చి యుండెను. మన నెల్లూరు వారు ఇచ్చట నొక సంగతి స్మరింపదగును. రామానుజన్ ఉద్యోగము లేక, పట్టము లేక, దారిద్ర్యముతో గుందుచుండిన 1910 ప్రాంతమున ఆశ్రయించినది నాడు నెల్లూరు కలెక్టరుగా నుండిన దివాన్ బహదూరు ఆర్. రామచంద్రరావుగారిని. గణితాభిమానియగు నాయన, ఆ యువకుని ప్రజ్ఞను గుర్తించి నెలనెలకు కొంత ధనమొసగి పోషించెను. ఆ రామానుజన్ విదేశమున చలికి వణకుచుండగా, ఒకనాడు ప్రశాంతచంద్రుడు ఆయన గదికి బోయి చూచెను. దుప్పటులన్నియు పఱుపు క్రిందికి మడిచి బిగించి యుండుటచే, వానిలో దూరి పండుకొనవలెనని తెలియక రామానుజన్ వానిపైననే పండుకొనుచుండెను. ప్రశాంతచంద్రుడు ఆ దుప్పటులను విప్పి, ఎట్లు కప్పుకొనవలెనో చూపెను. కనులార చూచి లోపమెక్కడ నున్నదో కనుగొనుట ఆయనకు నాటినుండియే యలవాటు.

చదువు ముగిసిన పిమ్మట కొలదికాలము ఇంటికి వచ్చి, మరల కేంబ్రిడ్జికేగి భౌతికశాస్త్ర పరిశోధన సేయవలెనని ఆయన యుద్దేశము. మహాయుద్ధకారణమున ఓడ ఆలస్యమయ్యెను. ఆ వ్యవధిలో గ్రంథాలయమున కాలము గడపుచుండ, ఆయన యధ్యాపకుడగు మెకాలే బయోమెట్రికా యను పత్రికను చూపెను. అది జీవులను కొలిచి, ఆ కొలతలను గణితముచే పరిశీలించు పత్రిక. ప్రశాంతచంద్రుడు దాని సంపుటములను కొని, ఓడలో చదువ నారంభించి, కలకత్తా చేరులోపల నా శాస్త్రమునకు వశుడయ్యెను. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయ పదవి లభింపగా మరల కేంబ్రిడ్జి పరిశోధనకు బోలేదు. పగలు భౌతికశాస్త్రమును బోధించుచు, తక్కిన వేళల సాంఖ్యకశాస్త్రమును తనంత తాను నేర్చుకొనెను. నాటికి మన దేశమున నా శాస్త్రమునకు పాఠశాల గాని, ఉపాధ్యాయుడు గాని లేడని చెప్పవచ్చును.

1920 లో నాగపురమున జరిగిన శాస్త్రమహాసభలో జంతుశాస్త్ర పరిశీలనాశాఖాధిపతియగు నెల్సన్ అనండేల్ ఈయనతో పరిచయము గలిగించుకొనెను. కలకత్తాయందలి ఆంగ్లో ఇండియనుల దేహపు కొలతలు అనండేల్ సేకరించి యుంచెను. వానిని పరిశీలింపుమని ప్రశాంతచంద్రున కప్పగించెను. ఈ పనిలో నుండియే ఆయన జీవితకార్య మంకురించినది.

ఇట ఆ కార్యస్వరూపమును కొంచెము వివరింపవలెను. మన పాఠశాలలోని మార్కుల రిజిస్టరును తలచుకొనుడు. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క అడ్డు వరుస; ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క నిలువు వరుస. ఒక విద్యార్థి తెచ్చుకొన్న మార్కులన్నియు ఒకే క్రమమున వ్రాసినచో ఆ సంఖ్యల గుంపును గణితజ్ఞులు సదిశ యందురు, ఇంగ్లీషున వెక్టరు. అట్టి సదిశలను ఒకదాని క్రింద నొకటి పేర్చినచో నేర్పడు దీర్ఘచతురస్రాకారపు పట్టికకు మాత్రిక యని పేరు, ఇంగ్లీషున మాట్రిక్సు. ఒక మనిషి యెత్తు, తల పొడవు, తల వెడల్పు, ముక్కు పొడవు, ముక్కు వెడల్పు మొదలగునవి అతని సదిశ. ఆ వరుస యతనిది మాత్రమే. అందలి యొక సంఖ్య ప్రక్క గడిలోనికి జరిగినను, ఒకని వరుస మఱియొకనికి జేరినను, పట్టిక చూచుటకు నిండుగనే యుండును గాని అందలి సత్యము నశించును.

పూర్వులు ఒక్కొక్క కొలతను విడివిడిగా తీసి సరాసరి గట్టుచుండిరి. వరుసను వరుసగా, అనగా మనిషిని మనిషిగా, చూచుట యెట్లని ప్రశాంతచంద్రుడు చింతించెను. ఈ చింతనమునుండి పుట్టినదే నేడు లోకమంతట మహలనోబిస్ దూరమని పిలువబడు సూత్రము. దీనిని గూర్చిన ప్రధానవ్యాసము 1936 లో వెలువడెను. సూత్రము కఠినమైనను భావము మన మైపాడు బెస్తలకు తెలియనిది కాదు. వలలో పడిన వంజరపు చేప తక్కినవానికంటె పొడుగై, తదనుగుణముగా బరువు గూడ నధికమైనచో నెవ్వరును వింతపడరు. పొడుగై యుండియు బరువున మిక్కిలి తక్కువైనచో వెంటనే చేత బట్టి చూచి, ఇందేమో లోపమున్నదని తలతురు. పొడవును బరువును జంటగా పెరుగునవి గనుక, జంట చెడినప్పుడే వింత.

దీనిని సంఖ్యలతో చూడుడు. పొడవు, బరువు అను రెండింటిని సరాసరినుండి వాని వాని ప్రమాణవిచలనముతో కొలిచితిమనుకొనుడు. రెండింటికిని గల సహసంబంధము 0.8 అనుకొనుడు. మొదటి చేప రెండింటను 2 మానము లధికము. రెండవది పొడవున 2 అధికము, బరువున 2 తక్కువ. సాధారణ రీతిని దూరపు వర్గము కట్టినచో రెండింటికిని 8 వచ్చును. రెండును సమానమే యనిపించును. మహలనోబిస్ రీతిని కట్టినచో మొదటిదానికి సుమారు 4.44, రెండవదానికి 40 వచ్చును. రెండవది తొమ్మిది రెట్లు. బెస్తవాని కన్ను చెప్పినదే గణితమును చెప్పినది.

ఇట్లు చేయుటకు కొలత లెట్లు జంటగా మాఱునో చూపు మఱియొక చదరపు మాత్రిక కావలెను. ఏడు కొలతలున్నచో దానిలో 49 గడులు. వానిలో వేఱువేఱు సంఖ్యలు 28. వీనిలో ప్రతి సంఖ్యయు అందఱి వరుసలనుండి కూడి వచ్చునది. కావున మొదటి పట్టికలో ఒక్క వరుస చెదరినను ఆ దోషము తుదివఱకు ప్రాకును. నాడు ఈ లెక్కలన్నియు చేతితో త్రిప్పు యంత్రములపై చేయవలసి యుండెను.

ప్రశాంతచంద్రుని జాగరూకత ఎట్టిదో తెలుపుటకు రిస్లీ పట్టికల కథ చాలును. హెర్బర్టు రిస్లీ యను దొర వంగదేశపు కులములవారి దేహపు కొలతలను పూర్వము ప్రకటించి యుండెను. ముక్కు కొలతను బట్టి కులపు హెచ్చుతగ్గులు తెలియునని ఆయన నమ్మిక. ఆ సిద్ధాంతమును నేటి శాస్త్రము త్రోసిపుచ్చినది. ప్రశాంతచంద్రుడు సిద్ధాంతముకంటె ముందుగా పట్టికలనే ప్రశ్నించెను. అచ్చుపడిన సంఖ్యలలో నొకదాని కొకటి పొసగనివి యున్నట్లు కనిపెట్టి, వానిని సవరించి, 1933 లో ఆ సవరణను ప్రకటించెను. ప్రసిద్ధుని గ్రంథమున నచ్చయినంత మాత్రమున సంఖ్య సత్యము కాదని విద్యార్థులు దీనివలన గ్రహింపవలెను.

ఈ శాస్త్రము కొలతల వినోదము మాత్రము కాదు, ప్రాణములతో ముడివడినది. పెన్న వఱదలను, తుపానులను ఎఱిగిన మన తీరవాసులకు ఈ క్రింది సంగతి హృదయమునకు తగులును. 1922 లో ఉత్తర వంగమునను, 1926 లో ఒరిస్సాలోని బ్రాహ్మణీ నదికిని గొప్ప వఱదలు వచ్చెను. ఒరిస్సా నదుల యడుగు ఎత్తుపెరిగినదనియు, కావున కరకట్టలను ఇంకను పెంచవలెననియు ఇంజనీరులు తలచిరి. ప్రశాంతచంద్రుడు సుమారు అఱువది యేండ్ల వాన లెక్కలను, నీటిమట్టపు లెక్కలను వరుసలుగా గూర్చి పరిశీలించెను. నది యడుగు పెరిగినదనుటకు ఆధారము కనబడలేదు. ఎగువ ప్రాంతమున గురిసిన అధిక వర్షమే వఱదకు కారణమనియు, కట్ట లెత్తుటకంటె ఎగువను నీటిని నిలుపు జలాశయములు మేలనియు ఆయన తేల్చెను. అనంతరకాలమున మహానదిపై గట్టిన హీరాకుడ్ ఆనకట్ట యిట్టి యాలోచనల ఫలమే. అది 1957 లో ప్రారంభింపబడెను. పట్టిక తప్పైనచో కట్ట తప్పగు. కట్ట తప్పైనచో గ్రామము మునుగును.

ప్రెసిడెన్సీ కళాశాలలోని యొక గదిలో ఈయన నెలకొల్పిన చిన్న సాంఖ్యక ప్రయోగశాలయే 1931 డిసెంబరు 17 వ తేదీన భారతీయ సాంఖ్యక సంస్థగా రూపొందెను. మొదటి సంవత్సరము దాని వ్యయము 238 రూపాయలు మాత్రమే. 1933 లో సంఖ్య యను పేర నొక పత్రిక వెలువడ నారంభించెను. 1923 లో ఈయనను వివాహమాడిన నిర్మలకుమారి ఈ కృషికంతకును తోడుగా నిలిచెను. రవీంద్రనాథ ఠాకూరునకు ఈ దంపతులు ఆత్మీయులు. విశ్వభారతికి ప్రశాంతచంద్రుడు పదేండ్లు కార్యదర్శిగా గూడ పనిచేసెను.

ఆ సంస్థకు 1941 జనవరి 1 వ తేదీన ఒక తెలుగు యువకుడు శిష్యుడై చేరెను. ఆయనయే కల్యంపూడి రాధాకృష్ణారావు. నాటి నెల్లూరు మండలమందలి గూడూరులోను, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలోను బాల్యవిద్య నభ్యసించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివినవాడు. కలకత్తాకు ఉద్యోగమునకై పోయి, అది దొరకక, సంస్థలోని శిక్షణను గూర్చి విని ప్రవేశించెను. సంయుక్త రాష్ట్రములలో 1941 లో దొరకిన దేహపు కొలతలను ప్రశాంతచంద్రుడు, ధీరేంద్రనాథ మజుందారు, రాధాకృష్ణారావు కలిసి పరిశీలించి 1949 లో ప్రకటించిరి. అనంతరము రాధాకృష్ణారావు మాత్రికల సిద్ధాంతమున జగద్విఖ్యాతుడై, 2023 ఆగష్టు 22 వ తేదీన పరమపదించెను. గూడూరు బడిలో పలకపై లెక్కలు దిద్దిన చేయి మాత్రికల శాస్త్రమునకు క్రొత్త యధ్యాయమును వ్రాసినదన్న మాట మన ప్రాంతపు బాలురు మఱువరాదు.

1937 మొదలు ప్రశాంతచంద్రుడు వంగదేశమున జనుము పంట లెక్కను చేపట్టెను. ప్రతి పొలమును చూచుట అసాధ్యము; యాదృచ్ఛికముగా నెంచిన కొన్ని పొలములను మాత్రము చూచి మొత్తమును అంచనా కట్టు పద్ధతిని ఆయన వృద్ధిచేసెను. కాని పొలమునకు బోకయే చెట్టుక్రింద కూర్చుండి అంకెలు వ్రాయు గుమాస్తాను పట్టుకొనుట యెట్లు? దీనికై ఒకే ప్రాంతమునుండి రెండు వేఱు నమూనాలను దీసి, ఒకరి లెక్క నొకరెఱుగని రెండు బృందములకు అప్పగించెను. రెండు ఫలితములును దగ్గఱగా నున్న నమ్మవచ్చును; దూరమైన ఎచ్చటనో దోషమున్నది. లెక్కను లెక్కచేతనే పరీక్షించు నీ విధానము నేటికిని సర్వదేశములందు మన్ననలో నున్నది.

1943 లో వంగదేశమున ఘోరమైన క్షామము వచ్చి లక్షలాది జనులు మరణించిరి. తరువాత ఆయన సంస్థవారు గ్రామగ్రామమునకు బోయి, ఎవరు భూమి నమ్ముకొనిరో, ఎవరు ఎద్దులను గోల్పోయిరో, ఎవరు బిచ్చమెత్తుకొనిరో యింటింట నడిగి లెక్క వ్రాసిరి. ఆ పట్టికలో నొక్కొక్క వరుస యొక్కొక్క కుటుంబము. దానిని తప్పుగా వ్రాయుట వారికి రెండవమాఱు అన్యాయము సేయుటయే.

ఇక యంత్రముల మాట. సంస్థలో చిల్లులు పొడిచిన అట్టలతో పనిచేయు యంత్రములు వచ్చెను. ఒక మనిషి యొక అట్ట. అతని వరుసయంతయు దానిలోని చిల్లులే. అటు పిమ్మట ప్రశాంతచంద్రుని పట్టుదలచే ఇంగ్లాండునుండి హెచ్.ఇ.సి. 2ఎమ్. అను కంప్యూటరు తెప్పింపబడి 1956 లో పనిచేయ నారంభించెను. మన దేశమున స్థాపింపబడిన మొదటి కంప్యూటరు అదియే. దాని జ్ఞాపకశక్తి నేటి చేతిఫోనులోనిదానిలో లక్షవ వంతు గూడ లేదు. అనంతరము రష్యానుండి ఉరాల్ యంత్రము వచ్చెను. 1966 లో జాదవపుర విశ్వవిద్యాలయముతో గూడి సంస్థవారు స్వదేశముననే యొక యంత్రమును నిర్మించిరి.

నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయనేర్చు విద్యార్థులు మొదట చేయు పనులలో నొకటి, ఒక సదిశను మాత్రికలోని యొక అడ్డు వరుసకు అప్పగించుట. పని చిన్నది, దోషములకు చోటు పెద్దది. మొదటి నియమము: మాత్రికకు ఎన్ని నిలువు వరుసలున్నవో సదిశలో అన్ని సంఖ్యలే యుండవలెను. తక్కువైనచో కొన్ని భాషలు పనిని నిరాకరించును. మఱికొన్ని, సరిగా భాగింపబడినచో, ఉన్న సంఖ్యలనే మరల వాడి చెప్పకయే నింపివేయును. నిరాకరించునదియే మేలు. రెండవది: సంఖ్యల క్రమము అన్ని వరుసలయందును ఒక్కటే కావలెను; ఎత్తున్న చోట బరువును ఉంచినచో యంత్ర మెఱుగదు. మూడవది: మొదటి వరుసను కొన్ని భాషలు ఒకటి యనియు, కొన్ని సున్న యనియు లెక్కించును, ఇది మఱచినచో రాముని మార్కులు కృష్ణుని వరుసలో బడును. నాల్గవది: సదిశ యొక్క ప్రతిని వరుసలో నుంచవలెను గాని, దాని పేరును మాత్రమే యుంచరాదు. పేరు మాత్రమే యుంచి, అదే సదిశలో మఱియొకని కొలతలు వ్రాయుచు బోయినచో, తుదకు వరుసలన్నియు కడపటివానినే చూపును, ముందటివారందఱును మాయమగుదురు.

ప్రశాంతచంద్రుడు నిలువుగీతల కాగితముపైనను, అట్టలపైనను, యంత్రముపైనను కాపాడినది ఈ నియమములనే. యంత్రములు మాఱినవి, వరుస ధర్మము మాఱలేదు.

ఆయనకు లభించిన గౌరవము లనేకములు. 1945 లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1949 లో కేంద్ర మంత్రిమండలికి గౌరవ సాంఖ్యక సలహాదారు డయ్యెను. ఆయన ప్రేరణచే 1950 లో జాతీయ నమూనా పరిశీలన మారంభమయ్యెను. 1956 లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికకు ఆయన యాలోచనలే మూలము. భారీ యంత్రపరిశ్రమలకు ప్రాధాన్యమిచ్చిన ఆ ప్రణాళికను గూర్చి పండితులలో భిన్నాభిప్రాయములు నాడును నేడును గలవు. 1959 లో పార్లమెంటు శాసనముచే ఆయన సంస్థ జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా గుర్తింపబడెను. 1968 లో పద్మవిభూషణ బిరుదము లభించెను. 1972 జూను 28 వ తేదీన, డెబ్బది తొమ్మిదవ జన్మదినమునకు ఒక్కదినము ముందుగా, ఆయన కలకత్తాలో స్వర్గస్థుడయ్యెను. 2007 మొదలు ఆయన జన్మదినము సాంఖ్యక దినముగా దేశమంతట జరుపబడుచున్నది.

విద్యార్థులారా! ఈ మహనీయుని జీవితమునుండి మనము నేర్వదగినది యేమి? గొప్ప సూత్రములు కనుగొనుట అందఱికిని సాధ్యము కాదు. కాని ప్రయోగశాలలో నుష్ణమాపకమును చూచి ఉన్న సంఖ్యనే వ్రాయుట, సరిపోని సంఖ్యను సరిపుచ్చుటకై దిద్దకుండుట, ప్రక్కవాని వరుసను చూచి మన వరుస నింపకుండుట, ఇవి మనలో ప్రతివానికిని సాధ్యములే. రేపు మీలో నొకరు వానకొలత వ్రాయు గుమాస్తా కావచ్చును. ఒకరు రోగుల పట్టికలు వ్రాయు దాది కావచ్చును. ఒకరు కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాయు ఉద్యోగి కావచ్చును. మీరు వ్రాయు వరుసను నమ్మి యెవరో ఒకరు మందు నిత్తురు, కట్ట గట్టుదురు, బియ్యము పంపుదురు. వారెవరో మీరెఱుగకపోయినను, వారికొఱకు ఆ వరుసను సరిగా వ్రాయుడు.